నడుం నొప్పి: స్కాన్‌లో కనిపించేది ఒకటి, వెన్నుకు కావాల్సింది ఇంకొకటి

"ఎల్4–ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్, థీకల్ శాక్ మీద ఒత్తిడి. ఎల్5–ఎస్1 డిస్క్ డీహైడ్రేషన్. స్పాండిలోటిక్ మార్పులు." నలభై దాటినవాళ్ల నడుం ఎం.ఆర్.ఐ. రిపోర్టు ఏది తిరగేసినా కాస్త అటూ ఇటూగా ఇవే మాటలు ఉంటాయి. వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులా ఉండే డిస్క్ కాస్త ఉబ్బి (బల్జ్) నరాల చుట్టూ ఉండే సంచిని తాకుతోందని, ఇంకో డిస్క్ ఎండిందని, పూసలు కొంత అరిగాయని వాటి సారాంశం. స్కానింగ్ సెంటర్ నుంచి ఇంటికి చేరేలోపు అది "డిస్క్ జారిందట" అయిపోతుంది. ఆ సాయంత్రం నుంచే ఆంక్షలు మొదలు. వంగొద్దు, బకెట్ ఎత్తొద్దు, నేల మీద కూర్చోవద్దు, బండి నడపొద్దు, పరుపు తీసేసి చెక్క బల్ల మీద పడుకో. నడుముకు బెల్టు సరేసరి. నెల తిరిగేసరికి నొప్పి సగం తగ్గుతుంది కానీ, కింద పడిన తాళంచెవి తీయడానికి కూడా ఇంకొకర్ని పిలిచే అలవాటు మిగిలిపోతుంది.

ఆ అలవాటే అసలు నష్టం. గత ముప్పై, నలభై ఏళ్లలో నడుం నొప్పి మీద జరిగిన పరిశోధనలు చుట్టూ తిరిగి దాదాపు ఒకే చోటికి వస్తున్నాయి. వెన్ను గాజు సామాను కాదు. వంగడానికి, తిరగడానికి, బరువు మోయడానికి తయారైన నిర్మాణం అది. కదలిక తగ్గితే బలహీనపడుతుంది, మోతాదులో బరువు పడితే గట్టిపడుతుంది. ఈ మాట వైద్య పత్రికల్లో పాతబడిపోయినా మన ఇళ్లలోకి, చాలా క్లినిక్కుల్లోకి ఇంకా రాలేదు.

2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో ఉన్నారని, 2050 నాటికి ఆ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చని అంతర్జాతీయ అంచనా. జనాభా, సగటు వయసు పెరగడం ఇందుకు ప్రధాన కారణాలే. కానీ స్కానర్లు, ఇంజెక్షన్లు, ఆపరేషన్లు ఇన్ని వచ్చాక కూడా మనుషులను ఎక్కువ ఏళ్లు ఇబ్బంది పెడుతున్న సమస్యల్లో ఇదే మొదటి స్థానంలో ఉండిపోవడం మాత్రం ఆలోచించాల్సిన విషయం. 2018లో లాన్సెట్ పత్రిక దీని మీద వరుస వ్యాసాలు వేసి, అక్కర్లేని స్కాన్లు, మందులు, ఆపరేషన్లు ఎక్కువవుతున్నాయని, పనికొచ్చే మామూలు సలహా రోగికి అందడం లేదని గట్టిగానే చెప్పింది.

రిపోర్టు చెప్పేదెంత

1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధనను ప్రతి ఎం.ఆర్.ఐ. రిపోర్టు కింద ఓ ముక్కగా అచ్చేస్తే బాగుండేది. నడుం నొప్పి లేని 98 మందికి స్కాన్ తీశారు. 52 శాతం మందిలో కనీసం ఒకచోట డిస్క్ ఉబ్బి ఉంది. 27 శాతం మందిలో డిస్క్ ఒక పక్కకు పొడుచుకొచ్చి ఉంది. అన్ని డిస్కులూ సలక్షణంగా ఉన్నవాళ్లు 36 శాతమే. ఆ తర్వాత 2015లో ఇలాంటి 33 పరిశోధనలను, నొప్పి లేని 3110 మంది స్కాన్లను కలిపి చూశారు. ఇరవై ఏళ్ల వయసులోనే 37 శాతం మందిలో డిస్క్ అరుగుదల కనిపించింది. ఎనభై ఏళ్లవాళ్లలో అది 96 శాతం. డిస్క్ బల్జ్ కూడా అంతే, 30 శాతం నుంచి 84 శాతానికి పెరుగుతూ పోయింది. గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, వీళ్లెవరికీ నొప్పి లేదు.

కాబట్టి నడుం పట్టేసిన మనిషికి స్కాన్ తీసి, అందులో బల్జ్ కనబడగానే నొప్పికి కారణం అదేనని తేల్చడం తొందరపాటు. అది కారణం కావచ్చు, ఎప్పటి నుంచో అక్కడ మామూలుగా ఉన్నదీ కావచ్చు. నడుం నొప్పి కేసుల్లో నూటికి తొంభై దాకా ఫలానా భాగమే కారణమని వేలు పెట్టి చూపించలేనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అంటుంది. వినడానికి ఇది అసంతృప్తిగా ఉంటుంది. జబ్బుకు పేరు పెట్టకపోతే డాక్టరుకు ఏమీ తెలియదనుకునే రోజులివి.

నిజంగా డిస్క్ నరాన్ని నొక్కినప్పుడు పరిస్థితి వేరు. నడుంలో కంటే కాలిలో ఎక్కువ నొప్పి ఉంటుంది. పిర్ర నుంచి పిక్క మీదుగా పాదం దాకా జివ్వుమని లాగుతుంది, తిమ్మిరి ఎక్కుతుంది, దగ్గినా తుమ్మినా ప్రాణం పోయినట్టుంటుంది. సయాటికా అనేది దీన్నే. ఇది కూడా చాలామందిలో రెండు మూడు నెలల్లో దానంతటదే నెమ్మదిస్తుంది. జారిన ముక్కను శరీరమే మెల్లగా కరిగించేసుకుంటుంది. విచిత్రం ఏమిటంటే, స్కాన్‌లో భయంకరంగా కనిపించే పెద్ద ముక్కలే చిన్న బల్జ్‌ల కంటే ఎక్కువగా కరుగుతాయి. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన సయాటికా ఉన్న 283 మందిపై జరిగిన పరిశోధన 2007లో వచ్చింది. కొందరికి వెంటనే ఆపరేషన్ చేశారు, మిగతావారిని ఆగమని చెప్పి అవసరమైతేనే చేశారు. ఆపరేషన్ అయినవాళ్లకు ఉపశమనం తొందరగా వచ్చింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ ఒకేలా ఉన్నాయి. ఆగినవాళ్లలో 39 శాతం మందికి చివరకు ఆపరేషన్ చేయాల్సి వచ్చిందన్నది కూడా చెప్పుకోవాలి. అంటే ఆపరేషన్ అనవసరం అనడానికి లేదు, తొందరపడాల్సిన పని చాలామందికి లేదు.

తొందరపడాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, కూర్చునే భాగమంతా మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం: వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగకూడదు. సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి ఉంటే మన దేశంలో ముందు అనుమానించాల్సింది వెన్నెముక క్షయను. 1779లో దీన్ని వర్ణించిన పెర్సివల్ పాట్ పేరుతో పాట్స్ డిసీజ్ అంటారు. ఊపిరితిత్తుల్లో టీబీ లేకపోయినా వెన్నులో రావచ్చు, మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే గూని మిగులుతుంది. పాతిక, ముప్పై ఏళ్ల వయసులో ఉదయం లేవగానే అరగంటకు పైగా నడుం బిగుసుకుపోయి, నడిస్తే తగ్గి, విశ్రాంతి తీసుకుంటే పెరిగే నొప్పి ఆంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్లు వాచి బిగుసుకుపోయే జబ్బు) కావచ్చు. దాన్ని "కుర్రాడు ఫోన్ చూసి చూసి తెచ్చుకున్నాడు" అని ఏళ్ల తరబడి వదిలేసిన ఇళ్లు ఉన్నాయి. పెద్ద వయసు ఆడవాళ్లకు చిన్న కుదుపుతోనే వెన్నుపూస చితికిపోవచ్చు, ఎముకలు గుల్లబారడమే దానికి కారణం. ఇక నల్గొండ, ప్రకాశం ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లతో వెన్ను బిగుసుకుపోయినవాళ్ల కథ పూర్తిగా వేరు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. అక్కడ వ్యాయామం జవాబు కాదు, తాగే నీరు మారడమే జవాబు.

నిటారుగా కూర్చుంటే సరిపోతుందా?

వెన్నెముకలో 33 పూసలు. మెడలో 7, వీపులో 12, నడుంలో 5, కింద అతుక్కుపోయినవి మిగతావి. కదిలే పూసల మధ్య 23 డిస్కులు. పెద్దవాళ్ల డిస్క్‌కు లోపలి దాకా రక్తనాళాలు ఉండవు. పైనా కిందా ఉన్న పూసల నుంచి ఊరే ద్రవమే దానికి ఆహారం. పగలంతా శరీర బరువు కింద నలిగి నీరు కోల్పోతుంది, రాత్రి పడుకున్నప్పుడు పీల్చుకుంటుంది. అందుకే పొద్దున లేచేసరికి మనిషి సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఎత్తు ఎక్కువ ఉంటాడు. బరువు పడటం, తొలగడం అనే ఈ రాకపోకలు డిస్క్‌ను బతికిస్తాయి. ఎంత గొప్ప భంగిమలోనైనా నాలుగు గంటలు కదలకుండా ఉంటే ఆ రాకపోకలు తగ్గిపోతాయి.

"గూనిగా కూర్చోకు, నిటారుగా కూర్చో" అనే మందలింపుకు కొంత శాస్త్రీయ మూలం ఉంది. 1960ల్లో స్వీడన్ ఎముకల వైద్యుడు ఆల్ఫ్ నాచెమ్సన్ మనుషుల డిస్కుల్లోకి సూది దింపి లోపలి ఒత్తిడిని కొలిచాడు. నిలబడినప్పటికంటే కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేలింది. అప్పటి నుంచి కూర్చోవడమే పాపం, అందులోనూ వంగి కూర్చోవడం మహాపాపం అన్న ప్రచారం మొదలైంది. 1999లో జర్మనీలోని ఉల్మ్‌లో ఇంకాస్త మెరుగైన పరికరంతో మళ్లీ కొలిచారు. ఈసారి ఒక వైద్యుడే స్వచ్ఛందంగా తన నడుం డిస్క్‌లో సెన్సర్ పెట్టించుకుని దాదాపు రోజంతా తిరిగాడు. నిలబడితే 0.50 మెగాపాస్కల్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం). మామూలుగా కూర్చుంటే 0.46. పట్టుబట్టి నిటారుగా కూర్చుంటే 0.55. కుర్చీలో వెనక్కి జారగిలబడితే ఇంకా తగ్గింది. పూర్తిగా ముందుకు ముడుచుకుని కూర్చుంటే మాత్రం 0.83కి పోయింది. ఒక్క మనిషి మీద తీసిన కొలతలే ఇవి, వేదవాక్కు కావు. అయినా వెనక్కి వాలి కూర్చుంటే నడుం పోతుందనే బెదిరింపు నిలబడదని చెప్పడానికి చాలు.

మెడ విషయంలోనూ ఇదే తంతు. తలను 60 డిగ్రీలు వంచి ఫోన్ చూస్తే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని వాట్సాప్‌లో తిరిగే బొమ్మ చూడనివాళ్లు ఉండరు. అది 2014లో ఒక అమెరికన్ సర్జన్ కంప్యూటర్ మోడల్‌తో వేసిన లెక్క. మనుషుల మెడలో కొలిచింది కాదు. బ్రెజిల్‌లో 18 నుంచి 21 ఏళ్ల మధ్య ఉన్న 150 మందిని పరిశీలిస్తే ఫోన్ చూసేటప్పుడు మెడ వంచే తీరుకూ మెడ నొప్పికీ సంబంధం కనిపించలేదు. మెడ కండరాలు భారం మోయడానికే ఉన్నాయి. తల మీద గడ్డిమోపు, ఇటుకలు, నీళ్ల బిందెలు మోసిన తరాలు మన కళ్ల ముందే ఉన్నాయి. వాళ్లకు నొప్పులు లేవని కాదు, 27 కిలోలు అన్న అంకె ఒక్కదాన్నే చూసి భయపడాల్సిన పని లేదని.

అలాగని భంగిమకు ఏ విలువా లేదనడం ఇంకో అతి. రోజూ ఎనిమిది, పది గంటలు ఒకే తీరులో ఉండిపోవాల్సి వస్తే ఆ తీరు ఏమిటన్నది ముఖ్యమే. ల్యాప్‌టాప్‌ను మంచం మీద ఒళ్లో పెట్టుకుని రాత్రి షిఫ్టు లాగించే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి మెడ, భుజాలు పట్టేయడం చిత్రం కాదు. స్క్రీన్ కళ్ల ఎత్తుకు రావడం, విడిగా ఒక కీబోర్డు, మోచేతులకు ఆనిక, పాదాలు నేలకు తగలడం: ఇవి నొప్పి రాకుండా కాపాడతాయన్న హామీ లేదు కానీ వచ్చిన నొప్పిని రేపకుండా ఉంచుతాయి. పదివేల రూపాయల కుర్చీ కంటే అరగంటకోసారి లేచి బాల్కనీ దాకా వెళ్లి రావడం ఎక్కువ పని చేస్తుంది. ఫోన్ మాట్లాడేటప్పుడల్లా నడిచే అలవాటున్నవాళ్లు తెలియకుండానే ఈ పని చేస్తున్నారు.

భంగిమ చర్చంతా ఆఫీసు కుర్చీ చుట్టూ తిరగడం కూడా ఒక లోపమే. వరి నాట్ల కాలంలో మోకాళ్ల లోతు బురదలో రోజంతా వంగి నాట్లేసే ఆడకూలీలకు, జగిత్యాల, నిజామాబాద్ వైపు చేట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేవాళ్లకు, గుంటమగ్గం మీద నేసే చేనేత కార్మికులకు "నిటారుగా ఉండండి" అన్న సలహా వల్ల ఒరిగేదేమీ లేదు. పనే అలాంటిది. అక్కడ మారాల్సింది పని పద్ధతి. దీనికి మన దగ్గరే ఒక మంచి ఉదాహరణ ఉంది. పోచంపల్లి తరహా ఇక్కత్ చీరకు రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ ఆసు పోయాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఈ పని చేసి చేసి తల్లి భుజం, చెయ్యి దెబ్బతినడం చూసిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. నాలుగు గంటలు పట్టే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ తల్లికి భంగిమ పాఠాలో, భుజం వ్యాయామాలో నేర్పి ఉంటే ఏమంత మేలు జరిగేది?

పిల్లల విషయంలో ఒక మాట. బడి సంచీ బరువు పిల్లల బరువులో 10 శాతం మించకూడదని కేంద్ర విధానం 2020లో చెప్పింది. అంతకుముందే 2017లో తెలంగాణ ప్రభుత్వం తరగతిని బట్టి పరిమితి పెట్టింది, ఒకటి రెండు తరగతులకు కిలోన్నర, పదో తరగతికి 5 కిలోలు. మంచిదే. కానీ సంచీ వల్ల వెన్ను వంకరపోతుందన్న భయానికి ఆధారం లేదు. ఎదిగే వయసులో వెన్ను పక్కకు వంపు తిరిగే స్కోలియోసిస్ చాలావరకు సంచీతో, కూర్చునే తీరుతో సంబంధం లేకుండా వస్తుంది. పాపను ముందుకు వంగి కాళ్లు తాకమని, వెనక నుంచి చూస్తే ఒక పక్క పక్కటెముకలు ఎత్తుగా కనిపిస్తే డాక్టరుకు చూపించాలి. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు ఇది గమనించడం విలువైన పని.

బియ్యం బస్తా లెక్క

ఉల్మ్ పరిశోధనలో బరువులెత్తే కొలతలు ఇంకా ఆసక్తికరం. 20 కిలోల బరువును మోకాళ్లు వంచకుండా నడుం గుండ్రంగా వంచి ఎత్తితే డిస్క్‌లో 2.3 మెగాపాస్కల్ ఒత్తిడి. మోకాళ్లు వంచి ఎత్తితే 1.7. అదే బరువును ఒంటికి ఆనించి పట్టుకుని నిలబడితే 1.1. దాన్ని చాచిన చేతులతో ముందుకు పట్టుకుంటే మళ్లీ 1.8. మోకాళ్లు వంచామా లేదా అన్నదానితో సమానంగా, బరువు ఒంటికి ఎంత దగ్గరగా ఉందన్నది లెక్కలోకి వస్తుంది. ఇంట్లోకి వచ్చే బియ్యం బస్తా 25 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ అటూ ఇటూగా 30 కిలోలు. కారు డిక్కీ లోపలి అంచున ఉన్న బస్తాను చేతులు చాచి లాగినప్పుడే చాలా నడుములు పట్టేస్తాయి. ముందు డిక్కీ అంచుకు లాక్కుని, పొట్టకు ఆనించుకుని, అప్పుడు లేపితే సగం కష్టం తప్పుతుంది. పట్టుకుని నడుం మెలిపెట్టకుండా పాదాలతో సహా తిరగాలి.

బరువే ఎత్తని మనిషికి సంక్రాంతికో, ఇల్లు మారేటప్పుడో ఒక్కసారిగా ఆ బస్తా ఎత్తాల్సి వస్తే ఏ టెక్నిక్ అయినా పూర్తిగా కాపాడదు. ముందు నుంచి పది కిలోలు, పదిహేను కిలోలు ఎత్తే అలవాటు ఉన్న నడుముకు ఆ పాతిక కిలోలు పెద్ద వార్త కాదు.

మంచం, బెల్టు, మిషన్లు

నడుం పట్టేసిన మొదటి రెండు రోజులు మంచం దిగలేకపోవచ్చు. దిగలేని మనిషిని దింపాల్సిన పని లేదు. కానీ దాన్ని చికిత్సగా రాసివ్వడం మీద 1986లోనే ప్రశ్న వచ్చింది. అమెరికాలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు బెడ్ రెస్ట్ చెప్పారు. రెండు రోజులవాళ్లు పనికి పోని రోజులు 45 శాతం తక్కువ, కోలుకోవడంలో తేడా లేదు. 1995లో హెల్సింకి నగర ఉద్యోగులు 186 మందిని మూడు వర్గాలు చేశారు. ఒక వర్గానికి బెడ్ రెస్ట్, ఒక వర్గానికి వెన్ను వ్యాయామాలు, మూడో వర్గానికి ఓర్చుకోగలిగినంత మేరకు రోజువారీ పనులు. అందరికంటే ముందు కోలుకున్నది మూడో వర్గమే. వ్యాయామాన్ని గొప్పగా చెప్పేవాళ్లు ఈ ఫలితాన్ని దాటేస్తుంటారు. నొప్పి భగ్గుమంటున్న మొదటి వారంలో వ్యాయామం కూడా ఎక్కువే. అప్పుడు ఇల్లంతా కాస్త తిరగడం, వేడి కాపడం, నిద్ర చాలు.

2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాయామం, సరైన అవగాహన, కొన్ని రకాల మసాజ్, మానసిక చికిత్స, అవసరమైతే నొప్పి మాత్రలు అవునంది. నడుం బెల్టులు, ట్రాక్షన్ (వెన్నును సాగదీసి లాగడం), అల్ట్రాసౌండ్ చికిత్స, చర్మం మీద కరెంటు పెట్టే టెన్స్ మిషన్లు, నల్లమందు తరహా ఓపియాయిడ్ మందులు వద్దంది. కాదన్న జాబితా చదువుతుంటే మన ఊళ్లలోని సగం ఫిజియోథెరపీ సెంటర్ల గోడ మీద సేవల బోర్డు చదివినట్టే ఉంటుంది. బెల్టు కట్టుకుంటే ధైర్యంగా ఉంటుందన్నది నిజం. దూరప్రయాణానికో, తప్పనిసరి పనికో రెండు రోజులు కట్టుకుంటే కొంప మునగదు. ఆరు నెలలు కట్టుకుంటే, అది లేకుండా కదలలేననే టెన్షన్ మాత్రం ఖాయం.

బలం ఎలా వస్తుంది

ఏ వ్యాయామం మంచిదనే తగువు చాలా ఉంది. యోగా గొప్పదని ఒకరు, జిమ్ గొప్పదని ఒకరు. 2021లో కాక్రేన్ సంస్థ 249 పరిశోధనలను కలిపి చూసి, దీర్ఘకాలిక నొప్పికి వ్యాయామం పనిచేస్తుందని, నొప్పిని వంద పాయింట్ల కొలబద్ద మీద సగటున 15 దాకా తగ్గిస్తుందని తేల్చింది. అద్భుతం కాదు, తీసిపారేయదగ్గదీ కాదు. బోస్టన్‌లో 320 మందిపై జరిగి 2017లో వచ్చిన పరిశోధనలో యోగా, ఫిజియోథెరపీ సమానంగా నిలిచాయి. పద్ధతి కంటే మానకుండా చేయడం ముఖ్యం. ఏది బోర్ కొట్టదో అదే ఎంచుకోవాలి.

ఇంట్లో, ఒక చాప మీద మొదలుపెట్టడానికి మాత్రం కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు వెన్ను మీద పరిశోధించిన స్టువర్ట్ మెక్‌గిల్ సూచించే మూడు వ్యాయామాలు బాగుంటాయి. డిస్క్ మీద తక్కువ భారంతో చుట్టూ ఉన్న కండరాలకు ఎక్కువ పని చెప్పడం వాటి గుణం. మొదటిది బర్డ్ డాగ్. మోకాళ్లు, అరచేతులు నేలకు ఆనించి, కుడి చెయ్యి ముందుకు, ఎడమ కాలు వెనక్కి చాపి ఎనిమిది, పది సెకన్లు ఆపాలి. తర్వాత రెండో వైపు. చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది. నడుం మీద ఒక చిన్న ప్లేటు పెట్టించుకుని చేస్తే తెలుస్తుంది కష్టం. కాలు లేచినప్పుడల్లా తుంటి ఒక పక్కకు ఒరిగి ప్లేటు జారిపోతుంది. కాలు ఎంత ఎత్తు లేచిందన్నది లెక్క కాదు, ప్లేటు నిలవడమే లెక్క. రెండోది సైడ్ ప్లాంక్. పక్కకు తిరిగి మోచేతి మీద ఆని తుంటిని నేల నుంచి లేపాలి, మొదట్లో మోకాళ్లు మడిచే. మూడోది కర్లప్. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి, అరచేతులు నడుం వంపు కింద పెట్టి, తల, భుజాలు మాత్రం ఒకటి రెండు అంగుళాలు లేపాలి. బడిలో డ్రిల్లు మాస్టారు చేయించిన సిటప్ లాగా మోకాళ్ల దాకా లేవనక్కర్లేదు. ప్రతి దాన్నీ ఆరుసార్లు, కాస్త ఆగి నాలుగు, మళ్లీ ఆగి రెండు. పది పదిహేను నిమిషాల పని.

అక్కడితో ఆగిపోతే మాత్రం అది సగం పనే. పిర్రలు, తొడల కండరాలు బలహీనంగా ఉంటే వంగిన ప్రతిసారీ భారమంతా నడుం మీదే పడుతుంది. తుంటి దగ్గర నుంచి వంగడం నేర్చుకోవడానికి ఇంట్లో ఉండే బూజు కర్ర సరిపోతుంది. కర్రను వీపు వెంట నిలువుగా పట్టుకుంటే తల వెనక, భుజపు రెక్కల మధ్య, పిర్రల మధ్య పై ఎముక దగ్గర, మూడు చోట్ల తగులుతుంది. ఆ మూడూ వదలకుండా పిర్రలను వెనక్కి నెడుతూ ముందుకు వంగాలి. చాలామందికి పది డిగ్రీలు వంగగానే కింది ఆనిక పోతుంది. వారం రోజులు అద్దం ముందు చేస్తే కుదురుతుంది. కుదిరాక చేతిలో బరువు పట్టుకోవాలి. దానికి జిమ్ కూడా అక్కర్లేదు. లీటరు నీళ్లంటే కిలో. బకెట్‌లో ఐదు లీటర్లతో మొదలుపెట్టి, ఒక చేత్తో పట్టుకుని, ఆ పక్కకు ఒరగకుండా వరండాలో అటూ ఇటూ నడిచి చెయ్యి మార్చాలి. రెండు మూడు వారాలకోసారి రెండు లీటర్లు పెంచుకుంటూ పోవచ్చు. పడుకుని మోకాళ్లు మడిచి తుంటి లేపే సేతుబంధాసనం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం వీటికి తోడు. వయసు మళ్లినవాళ్లకు చివరిది ఒక్కటే చాలాసార్లు సరిపోతుంది.

సూర్య నమస్కారాలు చేసేవాళ్లు ఒక సంగతి గమనించాలి. తెల్లవారుజామున డిస్కులు నీటితో బిగువుగా ఉంటాయి, ముందుకు వంగితే వాటి మీద ఒత్తిడి పగటి కంటే ఎక్కువ. డిస్క్ నొప్పి ఉన్నవాళ్లు లేచిన వెంటనే ముందుకు వంగి పాదాలు తాకే పాదహస్తాసనంలోకి పోకుండా, అరగంట, గంట అటూ ఇటూ తిరిగాక మొదలుపెట్టడం మేలు. ఎముకలు గుల్లబారినవాళ్లు బలంగా ముందుకు వంగే ఆసనాలు అసలే వద్దు.

చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉంటే ఆపేయనక్కర్లేదు. మర్నాటికి మామూలు స్థాయికి వస్తే మోతాదు సరిపోయినట్టు. రెండు రోజులైనా దిగకపోతే తగ్గించాలి. కాలి నొప్పి ఉన్నవాళ్లకు ఇంకో గుర్తు ఉంది. పిక్కలో ఉన్న నొప్పి తొడకు, తొడలోంచి నడుంలోకి వెనక్కి వస్తుంటే, నడుంలో కాస్త పెరిగినట్టున్నా అది మంచి సూచనే. నడుంలో ఉన్నది కిందికి పాకుతుంటే ఆ వ్యాయామం పడటం లేదని అర్థం. ఇంటి చాకిరీ అంతా చేస్తున్నాం, మళ్లీ వ్యాయామం ఎందుకని అడిగే ఆడవాళ్లది న్యాయమైన ప్రశ్నే. చాకిరీ అలసట తెస్తుంది. కండరం పెరగాలంటే క్రమంగా పెరిగే బరువు, మధ్యలో తగినంత విరామం కావాలి. ఆ విరామం ఇంట్లో ఎవరైనా ఇస్తేనే దొరుకుతుంది.

ఇక నడక. దీన్ని వ్యాయామంగా లెక్కవేయనివాళ్లు 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా పరిశోధన చూడాలి. నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిని తీసుకున్నారు. ఒక వర్గానికి వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట దాకా క్రమంగా పెంచుకుంటూ నడవమన్నారు, వెన్ను గురించి భయం పోయేలా నాలుగు మాటలు చెప్పారు. రెండో వర్గానికి ఏమీ చెప్పలేదు. ఏమీ చెప్పనివాళ్లలో నొప్పి తిరగబెట్టడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 112 రోజులు. నడిచినవాళ్లలో 208 రోజులు. మన దగ్గర పది రోజుల ప్యాకేజీ అని రోజూ పిలిపించి మిషన్ల కింద పడుకోబెడతారు. ఆ పరిశోధనలో ఆరు నెలల మొత్తంలో ఫిజియోథెరపిస్టుతో జరిగిన సెషన్లు ఆరే.